శాంతయ్య పెట్టని పసుపు

అధ్యక్షత వహిస్తున్న మా ప్రిన్సిపాల్ గీతాంజలి గారికి, ఈ పూట పెళ్లికొడుకులా దండ మోస్తున్న మా శాంతయ్యకి, ఆయన పక్కన కూర్చున్న శ్రీమతి ఆరోగ్యమ్మ గారికి, నందిగామ నుంచి రెండు ఆటోల్లో వచ్చిన వాళ్ల బంధువులకి, నా తోటి అధ్యాపకులకి, వెనకనుంచి గోంగూర తాలింపు వాసన వస్తున్నా లేవకుండా కూర్చున్న విద్యార్థులకి నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. మా భూగర్భశాస్త్రంలో పదివేల ఏళ్లని కూడా మొన్నటి సంగతి అంటాం కాబట్టి, పది నిమిషాలు అంటే ఎంతో నాకు సరిగ్గా అంచనా దొరకడం లేదు. దొరికినప్పుడు కూర్చుంటాను. (నవ్వులు)

నన్ను ఎరగనివాళ్లకి, అంటే చివరి వరసలో ఉన్న కామర్సు పిల్లలకి, నా పేరు వీరరాఘవయ్య. ఈ జగ్గయ్యపేట కాలేజీలో ముప్ఫై మూడేళ్లుగా భూగర్భశాస్త్రం చెబుతున్నాను. శాంతయ్య మా ప్రయోగశాల అటెండరు. మా శాఖలో మొత్తం ఉన్నది మేమిద్దరమే, ఒకరు మాట్లాడేవారు, ఒకరు పని చేసేవారు. ఇవాళ పని చేసే ఆయన రిటైరవుతున్నాడు. రేపటి నుంచి శాఖలో మిగిలేది ఏమిటో మీకే తెలుసు.

ముందే ఒక మాట చెప్పేస్తాను, మళ్లీ ధైర్యం చాలకపోవచ్చు. నేను ఈ మైకు దగ్గరికి పొగడ్తల కోసం మాత్రమే రాలేదు. శాంతయ్య సర్వీసు రిజిస్టరు తిరగేస్తే, ముప్ఫై నాలుగేళ్లకి కలిపి ఒకే ఒక్క మచ్చ కనిపిస్తుంది. పదకొండేళ్ల కిందటి మెమో. పరీక్షకి వెళ్లే నమూనాకి పసుపు పూసి ఫలితం తారుమారు కావడానికి కారకుడయ్యాడని, విధి నిర్వహణలో నిర్లక్ష్యం వహించాడని. ఆ పసుపు శాంతయ్య పెట్టలేదు. ఎవరు పెట్టారో నాకు తెలుసు. అది చెప్పి, ఆ మచ్చ సంగతి తేల్చకుండా నేను ఇక్కణ్నుంచి దిగను. అయ్యో, అప్పుడే మొహాలు అలా పెట్టకండి. సందర్భం సన్మానం, ముందు మంచి మాటలు అయిపోనివ్వండి.

నేను ఉద్యోగంలో చేరిన రోజునే శాంతయ్యని రసాయనశాస్త్రం ల్యాబు నుంచి మా శాఖకి పంపారు. అప్పటిదాకా ఆయనకి తెలిసిన పని టెస్టుట్యూబులు కడగడం. నాకు తెలిసిన పని అదీ లేదు. కొత్త లెక్చరర్ని, కొత్త ప్యాంటు, గొంతులో కొత్త అధికారం. ఒక రాయి చేతిలో పెట్టి, గాజుపలక మీద గరుకుపొడి వేసి రుద్దాలి, అద్దంలా మెరిసేదాకా ఆపకూడదు అని ఆజ్ఞాపించి క్లాసుకి వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చి చూస్తే గాజుపలక ఉంది, శాంతయ్య ఉన్నాడు, రాయి లేదు. ఏదయ్యా అంటే, "మెరిసేదాకా ఆపొద్దన్నారండి. మెరవలా. రుద్దుతానే ఉన్నానండి" అన్నాడు. నేను ఇచ్చింది సుద్దరాయి. దాన్ని మా ముత్తాత కాలం నుంచి రుద్దుకొస్తున్నా మెరవదు. ఆ మాట నాకు తట్టేలోపే శాంతయ్య, "తప్పు నాదేనండి, మీరు చెప్పింది సరిగ్గా వినలా" అన్నాడు. ఆ మనిషి అంతేనని నాకు ఆ రోజే అర్థం కావాల్సింది. అర్థమయ్యేసరికి ముప్ఫై మూడేళ్లు పట్టింది.

తర్వాత తర్వాత శాంతయ్య చేతి పని ఎంత గొప్పదైందంటే, ఆయన రుద్దిన రాయిలో చూసుకుని నేను మీసం సరిచేసుకుని క్లాసుకి వెళ్లేవాణ్ని. యూనివర్సిటీల నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసర్లు ఏ మిషను మీద చేయించారండీ అని అడిగేవాళ్లు. నేను శాంతయ్య వైపు చెయ్యి చూపించేవాణ్ని, వాళ్లు శాంతయ్య వెనకాల మిషను కోసం వెతికేవాళ్లు. (నవ్వులు)

ఇప్పుడు కొంచెం పాఠం. గొణగకండి బాబూ, ఇది వినకపోతే తర్వాత కథ అర్థం కాదు. మనం వాడే రాగి, సీసం, బంగారం చాలాచోట్ల వేడినీళ్లు మోసుకొచ్చి పెట్టినవి. భూమి లోపల, కిలోమీటర్ల లోతున, మూడొందల డిగ్రీల వేడిలో ఉప్పునీళ్లు తిరుగుతుంటాయి. పైనున్న బరువు వల్ల అవి అంత తేలిగ్గా ఆవిరి కావు. దారిలో రాళ్లలో ఉన్న లోహాల్ని కరిగించుకుని, పగుళ్లు పట్టుకుని పైకి వస్తాయి, చల్లబడ్డాక మోత భరించలేక అక్కడే దించేస్తాయి. వాటినే ఉష్ణజల నిక్షేపాలు అంటాం. జగ్గయ్యపేట బోరునీళ్లతో గీజరు వాడే ఇల్లాలికి ఇది వింత కాదు. ఏడాదికోసారి కాయిల్ బయటికి లాగితే దాని మీద తెల్లగా పొరలు పొరలుగా కట్టి ఉంటుంది చూడండి, గీజర్లో అది వేడికి కడుతుంది, భూమిలో ఇది చల్లబడి కడుతుంది, తేడా అంతే.

నీళ్లు ఎప్పుడో వెళ్లిపోయాయి. కోట్ల ఏళ్లయింది. మరి అవి ఎంత వేడిగా వచ్చాయో, ఏం మోసుకొచ్చాయో, ఎన్ని విడతలుగా వచ్చాయో ఎవరు చెబుతారు? రాయిని దంచి పొడి చేసి పరీక్షిస్తే మొత్తం మీద అందులో ఏముందో తెలుస్తుంది, అది ఎప్పుడొచ్చిందో ఎలా వచ్చిందో తెలియదు. దానికి ఖనిజాన్ని దంచకుండా, ఒక్కొక్క రేణువుని నడిమి నుంచి అంచు దాకా చుక్కచుక్కగా పరీక్షించాలి. పైరైట్ అని ఒకటుంది, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం, బంగారంలా మెరిసి మనుషుల్ని పాడు చేస్తుంది. అది పెరిగేటప్పుడు పొర మీద పొర వేసుకుంటుంది. ఏ పొర కట్టేటప్పుడు నీళ్లలో ఏముందో దానిలో చిటికెడు ఆ పొరలో ఇరుక్కుపోతుంది. ఒక పొరలో కోబాల్ట్ ఎక్కువ, ఇంకో పొరలో ఆర్సెనిక్ ఎక్కువ. పక్కనే పచ్చగా క్లోరైట్ అనే ఖనిజం ఉంటే దాని కూర్పుని బట్టి అప్పటి వేడి ఎంతో లెక్క కడతాం.

ఇదంతా నేను గంటసేపు బోర్డు మీద బొమ్మలేసి చెబితే పిల్లలు కళ్లు తెరిచి నిద్రపోయేవాళ్లు. ఒకరోజు శాంతయ్య రాయి రుద్దుకుంటూనే, "అంట్లు తోమే మనిషిని అడగండయ్యా, ఆ ఇంట్లో ఏం వండారో, ముందు ఏది మాడిందో అన్నీ చెప్పుద్ది. వండినోళ్లు దాచినా గిన్నె దాచదు. ఇదీ అంతే" అన్నాడు. ఆ ఏడాది ఆ ప్రశ్నకి అందరూ పాసయ్యారు. ఇద్దరు పిల్లలైతే జవాబు పత్రంలో గిన్నె బొమ్మ కూడా వేశారు. (నవ్వులు) వాళ్లకీ మార్కులు వేశాను.

సరే, పసుపు సంగతికి వస్తున్నా. రాష్ట్రం విడిపోయిన ఏడాది అది. జూన్‌లో పైనుంచి ఒక కాగితం వచ్చింది, భూగర్భశాస్త్రంలో చేరే విద్యార్థులు తొమ్మిది మందే ఉన్నారు గనక శాఖ ఎత్తేయడం గురించి అభిప్రాయం తెలపమని. ఎత్తేస్తే నన్ను ఏ ఊరికో పంపుతారు, శాంతయ్యని మళ్లీ టెస్టుట్యూబుల దగ్గరికి పంపుతారు, ఇద్దరం కొండలూ గుట్టలూ తిరిగి పోగేసిన పదకొండు వందల రాళ్లు కాంపౌండు గోడ పునాదిలోకి వెళ్తాయి. ఆ మాట అప్పుడే ఒక కాంట్రాక్టరు వచ్చి మెచ్చుకోలుగా అన్నాడు కూడా, గట్టి రాళ్లేనండీ అని.

సరిగ్గా ఆ వారంలో, ఇదిగో మూడో వరసలో కూర్చున్నారు, పెనుగంచిప్రోలు రైతు కృష్ణయ్య గారు, ఎరువుల సంచిలో ఒక రాయి వేసుకుని మా ల్యాబుకి వచ్చారు. చేలో బావి తవ్విస్తుంటే తగిలిందట. తెల్లటి పలుగురాయి, మధ్యలో మెరిసే పైరైట్. "బంగారమా అండి?" అన్నారు. కాదన్నాను. "అయితే బావి పూర్తి చేసుకోవచ్చుగా" అని ఊపిరి పీల్చుకుని, రాయి నాకు వదిలేసి వెళ్లిపోయారు. ఆయనకి నీళ్లు కావాలి. నాకు మాత్రం ఆ రాయిలో మా శాఖ మొత్తం కనిపించింది. ఇందులో ఏదైనా లోహం ఉందని తేలిందా, ఇంక మమ్మల్ని ఎవరు ఎత్తేస్తారు?

రాయిలో ఒక ముక్క దంచి పరీక్షకి పంపాను. రిపోర్టులో సీసం, మామూలు రాయిలో ఉండాల్సినదానికి పదింతలు. పదింతలున్నా అది గని కాదు, జాడ మాత్రమే. విలేకరికి నేను జాడ అనే చెప్పాను. మర్నాడు పేపర్లో మాత్రం పెనుగంచిప్రోలు నేల కింద సీసం గని అని, పక్కన నా ఫోటో, నా చేతిలో రాయి. మునేరు ఇవతలివాళ్లు, అవతలివాళ్లు ఆటోలు మాట్లాడుకుని కృష్ణయ్య గారి చేలోకి దిగారు. ఆయన అప్పుడే మిరప నారు పోసి ఉన్నారు. ఏమంటున్నారండీ? కాస్త గట్టిగా. ఆ ఏడు తన మడిలో మొక్కలకంటే మనుషులే ఎక్కువ మొలిచారంటున్నారు. (నవ్వులు) క్షమించండి కృష్ణయ్య గారూ. ఇవాళ నేను చెప్పుకోవాల్సిన క్షమాపణల్లో ఇది చిన్నది.

పేపరు చూసి పైవాళ్లు శాఖ ఎత్తివేత ఆపి, ఆ సీసం ఉష్ణజలాలతో వచ్చిందో లేదో ఆధారాలతో నివేదిక పంపమన్నారు. దానికి ఎలక్ట్రాన్ కిరణంతో రేణువుని చుక్కచుక్కగా చూసే యంత్రం కావాలి, అది హైదరాబాదులో ఉంది. శాంతయ్య వారం రోజులు కూర్చుని, ఆ రాయిలోంచి కోసిన రెండు దిమ్మెలు రుద్దాడు. ఇద్దరం వాటితోపాటు మిగతా రాయి కూడా సంచిలో వేసుకుని బస్సెక్కాం. గరికపాడు దగ్గర ఆపారు. కొత్త సరిహద్దు, కొత్త చెక్‌పోస్టు, కొత్త హుషారు. అవతలి వైపు పోలీసాయన సంచి విప్పించి, "ఏమున్నయి సార్ ఇండ్ల?" అన్నాడు. రాళ్లండి అన్నాను. "రాళ్లా? హైదరాబాద్‌కా?" అవునన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "హైదరాబాద్‌ల రాళ్లు లేవా సార్?" అన్నాడు. బస్సు బస్సంతా నవ్వింది. శాంతయ్య వినయంగా, "ఇయ్యి పరీక్షకి పోతన్నయ్యండి" అన్నాడు. పరీక్ష అనేసరికి ఆయన మెత్తబడి, మంచిగ రాయమనండి అని పంపేశాడు.

హైదరాబాదులో ఆ యంత్రం దగ్గర ఉన్నది మా పాత విద్యార్థిని నీహారిక. ఇవాళ పనిమానుకుని వచ్చింది, రెండో వరసలో ఉంది. నీహారిక రెండు గంటలసేపు తెర మీంచి కళ్లు తిప్పలేదు. తర్వాత కుర్చీ నావైపు తిప్పి, క్లాసులో నేను చెప్పిన పద్ధతిలోనే చెప్పడం మొదలుపెట్టింది. "సార్, ఈ రాయిలో మూడు విడతలు కనిపిస్తున్నాయి. మొదటి విడత బాగా వేడి నీళ్లు, పైరైట్ నడిమిలో కోబాల్ట్ ఉంది. రెండో విడత కొంచెం చల్లబడ్డాక, అంచు పొరల్లో ఆర్సెనిక్. ఈ రెండూ భూమి లోపల జరిగినవే." నేను తల ఊపుతున్నాను, ఇంక సీసం వస్తుంది కదా అని. నీహారిక మొహమాటపడింది. "మూడో విడత జగ్గయ్యపేటలో జరిగింది సార్" అంది. (నవ్వులు)

విషయం ఏమిటంటే, పైరైట్ పొరల్లో సీసం ఇంచుమించు లేనే లేదు. సీసం ఉన్నదల్లా పైపై పగుళ్లలో, అదీ ఒంటరిగా కాదు, క్రోమియంతో జంటగా, అణువుకి అణువు లెక్కపెట్టినట్టు సమానంగా. అలాంటి వేడినీళ్లు ఈ రెండింటినీ కలిపి మోసుకురావు. ఈ రెండూ కలిసి ఉండేది పసుపుపచ్చ రంగుపొడిలో, ఆ రంగుని కొందరు ప్రబుద్ధులు విడి పసుపులో కలుపుతారు. "పక్కనే పసుపుకొమ్ము పిండి కూడా ఉంది సార్" అని తెర మీద చూపించింది. నేను, ఈ మూడో విడత జరిగినప్పుడు ఉష్ణోగ్రత ఎంత ఉండొచ్చమ్మా అన్నాను. "గది ఉష్ణోగ్రత సార్" అంది. (నవ్వులు, చప్పట్లు)

చప్పట్లు నీహారికకి కొట్టండి, తప్పులేదు. దంచి చూసినప్పుడు మమ్మల్ని మోసం చేసిన రాయి, రేణువు చూసినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఎవరు ముందొచ్చారు, ఎవరు వెనకొచ్చారు అంతా. కోబాల్ట్ ముందొచ్చింది, ఆర్సెనిక్ తర్వాత వచ్చింది, అందరికంటే చివర వీరరాఘవయ్య వచ్చాడు.

అవునండి. ఆ పసుపు పెట్టింది నేను.

మా ల్యాబు తలుపు మీద ఇప్పటికీ ఒక బోర్డు ఉంది, పరికరాలకి, నమూనాలకి పసుపు కుంకుమలు పెట్టరాదు, ఇట్లు శాఖాధిపతి అని. ఆ శాఖాధిపతిని నేనే. ప్రతి దసరాకి మిగతా ల్యాబుల్లో మైక్రోస్కోపులు బొట్లు పెట్టుకుని కూర్చుంటే, మా ల్యాబులోవి మాత్రం బోసిగా ఉండేవి, అది నా గొప్ప. అలాంటివాణ్ని, రాయి దంచడానికి ముందు రోజు మధ్యాహ్నం శాంతయ్యని టీకి పంపించి, తలుపు గడియ పెట్టాను. మా ఆవిడ భారతీదేవి వ్రతానికి తెమ్మన్న విడి పసుపు పొట్లం స్కూటర్ డిక్కీలో ఉంది. బొట్టుతో ఆగితే బాగుండేది. గడపకి పూసినట్టు రాయంతా పూశాను. వేదాద్రి వైపు తిరిగి, నరసింహస్వామీ, రాగి వద్దు, బంగారం వద్దు, కాస్త సీసం ఇప్పించు తండ్రీ, మా శాఖ నిలబడుతుంది అని దణ్నం పెట్టాను. తర్వాత జేబురుమాలుతో తుడిచేశాను. స్వామి అడిగింది అడిగినట్టు ఇచ్చాడు. ఎక్కణ్నుంచి ఇవ్వాలో నేను చెప్పలేదు. (నవ్వులు) ఆ సాయంత్రం పొట్లం సగమే ఉందేమిటని భారతి అడిగితే, దారిలో చిరిగిందన్నాను. మీరు ఫోన్లలో తీస్తున్న ఈ వీడియో ఇంటికి చేరేలోపు నేను చేరాలి.

పసుపు పెట్టడం తప్పని నేను అనను. భయం వేసినప్పుడు మనిషి ఏదో ఒకటి పట్టుకుంటాడు. పెట్టి దాచాను చూశారా, అది తప్పు.

నీహారిక రిపోర్టు పైకి వెళ్లాక, ఆగస్టులో విచారణ కమిటీ కూర్చుంది. ముగ్గురు పెద్దమనుషులు, బల్ల మీద మూడు గ్లాసుల మజ్జిగ. నమూనాకి పసుపు ఎవరు పెట్టారు అన్నారు. నేను నోరు విప్పాలి. విప్పకుండా తల పైకెత్తి ఫ్యాను వైపు చూశాను. అంత శ్రద్ధగా నేను మైక్రోస్కోపులోకి కూడా ఎప్పుడూ చూడలేదు. అప్పుడు గోడవార నిలబడి ఉన్న శాంతయ్య, "నేనేనండి. దసరాకి పెట్టా" అన్నాడు. రాయి దొరికింది జూన్‌లో, కమిటీ కూర్చున్నది ఆగస్టులో, ఈ మధ్యలో దసరా ఎక్కడొచ్చిందని ఒక్కరూ అడగలేదు. నందిగామ చర్చిలో సంఘ పెద్దగా ఉన్న మనిషి రాయికి పసుపెందుకు పూస్తాడని కూడా ఎవరూ అడగలేదు. అటెండరు చెప్పాడు, రాసుకున్నారు, మజ్జిగ తాగారు. నేనూ తాగాను.

ఆ ఏడాది మా శాఖలో ముప్ఫై ఒక్క మంది చేరారు. పసుపుని పట్టేసిన యంత్రం కథ ఊరంతా తిరిగింది కదా, పిల్లలకి సరదా పుట్టింది. శాఖ నిలబడింది. ఇంకొక సంగతి కూడా చెప్పాలి, దీనికి నవ్వకండి. ఆ తర్వాత పదేళ్లూ ఖనిజ రసాయనం పాఠం ఈ కథతోనే మొదలుపెట్టాను. పసుపు పెట్టింది మన శాంతయ్యే అని వేలు చూపించి మరీ చెప్పాను. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. శాంతయ్య కూడా రాయి రుద్దుకుంటూ నవ్వేవాడు. చెప్పగా చెప్పగా నాకే అది నిజం అనిపించడం మొదలైంది.

పోయిన నెల మన లైబ్రేరియన్ మహిమ గారు, ఆమెదీ ఆ సంఘమే, మాటల్లో ఒక సంగతి చెప్పారు. మెమో కబురు అప్పట్లో నందిగామ చేరిందట. పాస్టరు గారు శాంతయ్యని పక్కకి పిలిచి, మెత్తగానే, నిజమేనా అని అడిగారట. పెట్టానంటే దేవుడి ఎదుట అబద్ధం. పెట్టలేదంటే ఇక్కడ నా బండారం బయటపడుతుంది. శాంతయ్య ఏమీ చెప్పకుండా పెద్దరికం తనంతట తనే వదులుకున్నాడట. ముందు వరసలో నిలబడి వాక్యం చదివే మనిషి, పదకొండేళ్లుగా చివరి బల్ల మీద, చెప్పులు విడిచేచోట కూర్చుంటున్నాడట. నాకు మెమో సంగతి తెలుసు. ఇది తెలియదు. తెలుసుకోవాలని అడిగిందీ లేదు.

ఆరోగ్యమ్మ గారు బజారులో నేను ఎదురైతే మొహం పక్కకి తిప్పుకునేవారు. చూపు మందగించిందేమో అనుకుని, విజయవాడలో మంచి కంటి డాక్టరున్నాడు, తీసుకెళ్లు అని శాంతయ్యకి చీటీ కూడా రాసిచ్చాను. అమ్మా, మీ చూపు బాగానే ఉందని ఇప్పుడు తెలిసింది. మీకు నేను సరిగ్గానే కనిపించాను.

శాంతయ్య గారూ. ఆయన కంగారు పడుతున్నారు. నాకంటే ఏడాది పెద్దాయన, ముప్ఫై మూడేళ్లు నువ్వు అన్నాను, మీరు అనడానికి నాకూ నోరు తిరగడం లేదు, అయినా తిప్పుతాను. మీరు ఆ రోజు ఎందుకు ఒప్పుకున్నారు? మీకు తెలుసా అసలు, నేనని? మైకు అటివ్వండి. చెప్పండి, పర్లేదు.

(శాంతయ్య: "టీ తెచ్చినప్పుడే తెలుసండి. మీ చొక్కా జేబంతా పచ్చగా ఉంది. మీరు పెట్టారంటే, ఆ పైన రాళ్ల గురించి మీరేం చెప్పినా ఎవరూ నమ్మరండి. నేను పెట్టానంటే, అటెండరు గదా, తెలవక పెట్టాడంటారు. అంతే కదండి.")

విన్నారా. అంతే కదండి అంటున్నారు. అంతే కాదండి. ఈ కాలేజీలో తెలిసి చేసిన తప్పు ఒకటి, తెలియక చేసిన తప్పుగా మారాలంటే, అది పై మనిషి దగ్గర్నుంచి కింది మనిషి దగ్గరికి రావాలి. ఆ సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు, మనిద్దరం అందులో చెరొక పక్కనా నిలబడ్డాం. మీరు మోసింది ఒక మెమో కాగితం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆదివారాలన్నీ మోశారని నాకు తెలియలేదు. నన్ను క్షమించండి.

ప్రిన్సిపాల్ గారూ, ఇది నా ఉత్తరం. పసుపు పెట్టింది నేను, కమిటీ ముందు దాచింది నేను అని రెండు వాక్యాలే. ఏమంటున్నారు? సర్వీసు రిజిస్టరు ఇప్పటికే పైఆఫీసుకి వెళ్లిపోయిందట, పింఛనుకి ఆ మెమో అడ్డం రాదట, భోజనాలయ్యాక చూద్దామంటున్నారు. పింఛనుకి రాదండి, నాకు వస్తుంది. రిజిస్టరు ఏ ఆఫీసులో ఉంటే అక్కడికే పంపండి. తీసుకున్నట్టు సంతకం పెట్టి, ముద్ర వేసి ఇవ్వండి. ఇదిగో, పెట్టారు. సంజాయిషీ కూడా అడుగుతారట, ఏడు రోజుల గడువు. ఏడు రోజులు అక్కర్లేదు మేడమ్, పదకొండేళ్లు తీసుకున్నాను. (చప్పట్లు)

ఇది కాలేజీకి. నందిగామలో చెప్పాల్సింది కాగితంతో కుదరదు. పాస్టరు గారు ఒప్పుకుంటే ఈ ఆదివారం నేను వచ్చి, మీ సంఘం అందరి ముందూ నిలబడి, పెట్టింది నేనని చెబుతాను. వద్దంటున్నారు శాంతయ్య గారు, చెయ్యి ఊపుతున్నారు, అలవాటు కొద్దీ. ఇందులో మాత్రం మీ మాట వినను.

(ఆరోగ్యమ్మ కుర్చీలోంచే ఏదో అంటుంది.)

వెనకున్నవాళ్లకి వినపడలేదు, నేను చెబుతాను. ఆరోగ్యమ్మ గారు నాతో పదకొండేళ్ల తర్వాత మాట్లాడారు. "ఎనిమిదిన్నరకి ఆరాధనండి, మొదలయ్యాక రాబోకండి" అన్నారు. (చాలాసేపు చప్పట్లు)

ఎనిమిదింటికే ఉంటానమ్మా.

నన్ను ఇంతసేపు భరించిన అధ్యక్షులకి, నారుమడి పోగొట్టుకుని కూడా వచ్చిన కృష్ణయ్య గారికి, నిజం చెప్పడానికి మొహమాటపడినా మానని నీహారికకి, మీ అందరికీ నా కృతజ్ఞతలు. భోజనాలు చల్లారుతున్నాయి, మీరు లేవండి. నేను ఆదివారానికి ఇంతకంటే బాగా చిన్న ప్రసంగం రాసుకోవాలి. సెలవు.